గంగ ఎక్కడ కడుక్కోవాలి

భాగవతం నవమ స్కంధంలో గంగ భగీరథుణ్ని రెండు సంగతులు అడుగుతుంది. ఆకాశం నుంచి దూకితే నా వేగాన్ని ఎవరు ఓర్చుకుంటారన్నది మొదటిది. దానికి శివుడు ఒప్పుకున్నాడు, జడల్లో పట్టుకున్నాడు. ఆ కథ ఊరూరా తెలుసు. రెండో సంగతిని మాత్రం చెప్పేవాళ్లు కూడా తొందరగా దాటేస్తారు. మనుషులు వచ్చి తమ పాపాలన్నీ నాలో కడుక్కుంటారు, ఆ పాపాన్ని నేనెక్కడికి పోయి కడుక్కోవాలి, దీనికి ఉపాయం ఆలోచించావా రాజా అని అడుగుతుందామె.

నాకు ఇది పురాణ కాలంలో అడిగి ఊరుకున్న ప్రశ్నగా ఎప్పుడూ తోచలేదు. నేను సూర్యాపేటలో పుట్టాను. కోదాడలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మెట్టినిల్లు మిర్యాలగూడ. పుట్టింటికి దగ్గర్లో సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఉంది. అత్తగారింటికి అవతల వాడపల్లిలో అదే మూసీ కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడుమ నుంచి నడిచి, మహానగరం తనలో కడుక్కున్నదంతా మోసుకుంటూ మా పొలాల మీదుగా పోయే నది అది. గంగ భయపడినదంతా మూసీకి జరిగింది. దిగువన ఉన్నవాళ్లం కాబట్టి ఆ ప్రశ్న మాకు ముందు వినబడుతుంది.

వాడపల్లి సంగమం దగ్గర అగస్త్యేశ్వర స్వామి గుడి ఉంది. లింగం తల మీద చిన్న గుంట, అందులో ఎప్పుడూ ఊరే నీళ్లు. వేటగాడి నుంచి తప్పించుకొని శరణు వచ్చిన పక్షి కోసం శివుడు తన తల మాంసమే తీసుకొమ్మన్నాడని, ఆ గాయాన్ని కడగడానికి గంగ వచ్చి అక్కడే ఉండిపోయిందని స్థలపురాణం. లోపల గాయం కడిగే గంగ, బయట తనను కడిగేవాళ్లు లేని మూసీ. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు మా అత్తమ్మను అక్కడికి తీసుకుపోయాను. ఘాట్ మెట్ల మీద నిలబడి నేను వెనకాముందాడుతుంటే ఆమె దోసిట్లో నీళ్లు తీసుకొని వాసన చూసింది, కొంచెం నోట్లో పోసుకుంది. "తేటగనే ఉన్నయి గదా బిడ్డా, ఎందుకట్ల జూస్తున్నవ్?" అంది.

ఆ పరీక్ష ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు. మనుస్మృతిలో నేను ఒప్పుకోనివి ఎన్నో ఉన్నాయి. అయితే ఐదో అధ్యాయంలో నీటి శుద్ధి గురించి ఉన్న మాట నిజమైన పరిశీలనే. ఒక ఆవు దప్పిక తీరేటన్ని నీళ్లు నేల మీద ఉండి, అపవిత్రమైనది కలవకుండా, వాసన, రంగు, రుచి సరిగా ఉంటే అవి శుద్ధమైనవేనని దాని సారాంశం. మా కాలేజీలో ఉర్దూ చెప్పిన సార్ ఒకరు స్టాఫ్ రూంలో మాటల సందర్భంలో, తమ ఫిఖ్‌లో, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో కూడా, నమాజుకు ముందు చేసే వుజూ నీళ్లకు ఈ మూడే గుర్తులు చూస్తారని చెప్పారు. రంగు, రుచి, వాసన మారకపోతే అంత ఎక్కువ నీళ్లు పాక్, అంటే శుద్ధమైనవే. ఎక్కడెక్కడి పెద్దలో, వేరువేరు దేశాల్లో, వేరువేరు గ్రంథాలు చదివి, నీటి ముందు నిలబడి ఒకే మూడు సాక్ష్యాలు అడిగారు. కన్ను, ముక్కు, నాలుక. వేల ఏళ్లపాటు ఆ సాక్షులు మనుషులను కాపాడారు. కుళ్లినదేదో వాసన వేసేది, చచ్చినదేదో రంగు మార్చేది.

మన కాలంలో ఆ ముగ్గురు సాక్షులకూ తెలియని మురికి పుట్టింది. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరులో దాదాపు తొంభై మందుల పరిశ్రమల నీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. శుద్ధి అయి వచ్చిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ప్రపంచమంతా ఉలిక్కిపడిన అంకె ఇది. ఆ కేంద్రం నీటిని తర్వాత పైపులైనుతో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి కలిపారు. అక్కణ్నుంచి వెళ్లేది మూసీలోకే. సిప్రోఫ్లాక్సాసిన్ ఆ మోతాదులో కలిసిన నీటిని గ్లాసులో పోసి ఇస్తే ఏ అత్తమ్మ కన్నూ, ఏ ముఫ్తీ కన్నూ దాన్ని పట్టుకోలేవు. నీరు తేటగానే ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు మాత్రం ఆ మందును తట్టుకొని బతకడం నేర్చుకుంటాయి. నేర్చుకున్నదాన్ని పక్కవాటికి నేర్పుతాయి. రేపు ఎవరి బిడ్డకో జ్వరమొచ్చినప్పుడు ఆ మందు పనిచేయదు.

ఇంద్రియాలు సాక్ష్యం చెప్పలేనప్పుడు శుద్ధి అంటే ఏమిటి? ఇది రసాయన శాస్త్రం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు. నన్ను చాలా ఏళ్లు పట్టి నడిపించిన ప్రశ్న ఇదే.

భాగవతంలోనే మురికి గురించి ఇంకో కథ ఉంది. తెలుగులో ఏర్చూరి సింగన రాసిన ఆరో స్కంధంలోది. ఇంద్రుడు తన పురోహితుడైన విశ్వరూపుణ్ని చంపాడు. బ్రహ్మహత్య చుట్టుకుంది. దాన్ని పోగొట్టుకోలేక నాలుగు వాటాలు చేసి నలుగురికి పంచాడు. భూమికి, నీళ్లకు, చెట్లకు, స్త్రీలకు. ఊరికే ఇవ్వలేదు, ఒక్కొక్కరికి ఒక్కో వరమిచ్చాడు. తవ్విన గుంత తనంతట తానే పూడుతుందని భూమికి, కొట్టినా మళ్లీ చిగురిస్తాయని చెట్లకు. పాపం వాటా నీళ్లలో నురగగా, బుడగలుగా కనబడుతుందట. ఇంద్రుడు మాత్రం తేలికైపోయి తన లోకానికి వెళ్లిపోయాడు.

చిన్నప్పుడు ఈ కథ విని నాకు కోపం వచ్చింది. నాలుగో వాటా ఆడవాళ్లకు ఎందుకని. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు. అయితే పెద్దయ్యాక ఆ కథను ఇంకోలా చదివాను. అధికారంలో ఉన్నవాడి తప్పు ఎక్కడికి పోతుందో ఆ కథ దాచకుండా చెప్పింది. హైదరాబాదు మురికి పంపకం కూడా ఆ నలుగురికే జరిగింది. శుద్ధి కేంద్రం అడుగున మిగిలే బురద భూమికి. వడకట్టిన నీళ్లు మూసీకి. ఆ నీటితో పెరిగే పచ్చగడ్డి, వరి. చివరి వాటా, మోకాలి లోతు మడిలో వంగి నాటు వేసే ఆడవాళ్లది. సోలిపేట వైపు నాటుకు పోయే ఆడవాళ్లు కాళ్ల మీద దద్దుర్లు చూపించి "మూసీ నీళ్లల్ల దిగితె గింతే మేడం" అన్నారు నాతో. నురగ కూడా కథలో చెప్పినట్టే ఉంది. వానాకాలం తొలి వరదకు మూసీ మీద తేలే తెల్లటి నురగ ఫొటోలు పేపర్లో వస్తూనే ఉంటాయి. వరాలు కూడా ఉన్నాయి. ఎండాకాలం కూడా పారే నది, రెండో పంట, ఇద్దరు ముగ్గురికి ఉద్యోగం. ఇచ్చిన వరం నిజమైనదే కావచ్చు. పంచినది పాపమే.

అంటే ఇంద్రుడు చేసినది శుద్ధి కాదు, బదిలీ. మన ఊళ్లలో శుద్ధి పేరుతో జరిగేదాంట్లో చాలావరకు ఇదే. నల్లగొండ జిల్లాలో పెరిగినవాళ్లకు దీనికి దగ్గరి ఉదాహరణ తెలుసు. నాగపూర్‌లోని నీరి సంస్థ ఫ్లోరైడ్ నీటి కోసం కనిపెట్టిన పద్ధతికి మా జిల్లా పేరే పెట్టింది. నల్లగొండ టెక్నిక్ అంటే ప్రపంచంలో ఈ విషయం తెలిసిన ప్రతి శాస్త్రవేత్తకూ తెలుసు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే ఫ్లోరైడ్ పటిక ముద్దలకు పట్టుకొని అడుగుకు దిగుతుంది. పైన తేట. ఎముకలు వంగిపోయిన పల్లెలకు అది పెద్ద ఆసరా, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. ఫ్లోరైడ్ ఒక మూలకం నుంచి వచ్చేది కనుక దాన్ని విరగ్గొట్టడానికి లేదు, పక్కకు తీయడమొక్కటే దారి. కాని ఆ అడుగు బురదను ఎక్కడ పోశారని అడిగితే అందరి చూపూ ఊరి చివరి గుంత వైపు పోతుంది. బొగ్గు ఫిల్టరు సంగతీ అంతే. మందు అణువులను తన ఒంటికి అంటించుకుంటుంది. నిండాక దాన్ని తీసి పారేయాలి, లేదా కాల్చాలి. పారేస్తే మళ్లీ భూమి వాటా.

కాంతితో పనిచేసే ఉత్ప్రేరకాల గురించి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఇదే. ఇక్కడ బదిలీ లేదు. సేంద్రియ పదార్థాన్ని, అంటే రంగులు, పురుగుమందులు, మందు బిళ్లల్లోని అణువులు, వీటిని ఉన్నచోటే విరగ్గొట్టి చివరికి బొగ్గుపులుసు వాయువు, నీరు, కాసిన్ని ఉప్పులుగా చేయడం. పని చేయించేది ఎండ. సాయం చేసేది తెల్లటి పొడి, టైటానియం డయాక్సైడ్. గోడల రంగుల్లో తెలుపు కోసం కలిపేది అదే. కాకపోతే రంగుల కంపెనీవాళ్లు ఎండకు రంగు పొడై రాలిపోకుండా ఆ గింజలకు పైపూత వేసి, వాటి చురుకును అణచిపెడతారు. మనకు కావలసింది అనటేజ్ అనే రూపం, పూత లేనిది.

ఏటా మార్చి ఎండలు ముదిరాక పిల్లలను డాబా మీదికి తీసుకుపోయి ఈ ప్రయోగం చేయించేదాన్ని. మూడు బీకర్లలో మిథిలీన్ బ్లూ కలిపిన నీలి నీళ్లు. ఒకదానిలో పొడి వేయం, ఎండలో పెడతాం. రెండోదానిలో పొడి వేసి నల్లగుడ్డ కప్పుతాం. మూడోదానిలో పొడి వేసి ఎండలో పెట్టి గాజుకడ్డీతో కలుపుతూ ఉంటాం. పిల్లలు మూడోదాన్నే చూస్తారు, ఎందుకంటే గంట గడిచేసరికి ఆ నీలం కళ్లముందే వెలిసిపోతుంది. నేను మాత్రం నల్లగుడ్డ కింది బీకరు చూడమని పట్టుబట్టేదాన్ని. అందులో కూడా నీలం కొంచెం తగ్గుతుంది. పొడిని వడగట్టి చూస్తే పొడే నీలంగా ఉంటుంది. చీకట్లో ఆ పొడి చేయగలిగినది బొగ్గు చేసే పనే. పట్టుకోవడం, మోయడం. వెలుగు తగిలితేనే అది పట్టుకున్నదాన్ని అంతం చేస్తుంది.

లోపల జరిగేది చెప్పుకోవాలి, ఎందుకంటే దానిలో నాకు తత్త్వం కనబడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణం టైటానియం డయాక్సైడ్ గింజకు తగిలి లోపలి ఎలక్ట్రానును ఒక మెట్టు పైకి ఎగదోస్తుంది. దానికి 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఎలక్ట్రాను లేచిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి ఎలక్ట్రానును లాక్కొని హైడ్రాక్సిల్ రాడికల్ అనే కణాన్ని పుట్టిస్తుంది. పైకి లేచిన ఎలక్ట్రాను నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను చేరుతుంది. హైడ్రాక్సిల్ రాడికల్ ఎంతో ఆకలిగొన్నది, కనురెప్ప పడేంతసేపు కూడా బతకదు, కాని ఆ లోపలే ఎదురైన సేంద్రియ అణువును కొరికి తుంచుతుంది. ఇవన్నీ జరిగాక టైటానియం డయాక్సైడ్ ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. తాను ఖర్చు కాదు. తాను దాచుకోదు. 1972లో జపాన్‌కు చెందిన అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా ఈ పదార్థం మీద వెలుగు వేసి నీటినే విడగొట్టవచ్చని చూపిన తర్వాత ప్రపంచమంతా దీని వెంట పడింది. మన తార్నాకలోని ఐఐసీటీ రసాయన పరిశోధన సంస్థలో మాచిరాజు సుబ్రహ్మణ్యం, దుర్గాకుమారి గార్ల బృందం దీన్ని జియోలైట్లనే రంధ్రాల ఖనిజాల వంటివాటి మీద కూర్చి, ఎండలో ఐసోప్రొట్యూరాన్ అనే కలుపుమందును, రంగుల తయారీలో వాడే హెచ్-యాసిడ్‌ను విరగ్గొట్టే పద్ధతుల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. మూసీకి దగ్గర్లోనే ఆ ల్యాబు.

ఇప్పుడు భగీరథుడు గంగకు చెప్పిన జవాబు దగ్గరికి వస్తాను. సన్యాసులు, శాంతులు, లోకాన్ని పావనం చేసే సాధువులు నీలో స్నానం చేస్తారు, వాళ్ల ఒంటి స్పర్శతో నీ పాపం పోతుంది, ఎందుకంటే పాపాన్ని హరించే హరి వాళ్లలో ఉన్నాడు అంటాడతను. చాలాకాలం ఈ జవాబు నాకు మింగుడు పడలేదు. జనం పాపం గంగకు, గంగ పాపం సాధువులకు, మళ్లీ ఇంద్రుడి పంపకమే కదా అనిపించేది. డాబా మీద నల్లగుడ్డ తీసి ఆ నీలిపొడిని చూస్తున్నప్పుడు నాకు ఆ శ్లోకంలోని రెండో సగం అర్థమైంది. సాధువు పాపాన్ని తీసుకొని మోస్తాడని భగీరథుడు అనలేదు. సాధువులో ఉన్నది పాపాన్ని అంతం చేస్తుందన్నాడు. మోసేవాడు ఎంత మంచివాడైనా ఒకనాటికి నిండిపోతాడు. వెలుగు తగలని సాధువు కూడా చీకట్లోని ఆ పొడి లాంటివాడే, పట్టుకున్నది అతని ఒంటికే అంటుకొని ఉంటుంది. ఇతరుల దుఃఖాన్ని విని విని విరిగిపోయిన మంచివాళ్లను నేను చూశాను. వాళ్లలో లోపం లేదు. వాళ్లకు వెలుగు అందలేదు, అంతే.

పోలికను ఇంతకన్నా సాగదీయను, ఎందుకంటే పొడికి కరుణ లేదు, సాధువుకు ఉంది. కాని ఒక తేడాను ఈ పొడి నాకు చేతికి అందేటట్టు చూపించింది. మురికిని భరించడం వేరు, తీర్చడం వేరు. భరించేవాళ్లను మన సమాజం ఎంత పొగిడిందో! భూదేవంత ఓర్పు అని, నది తల్లి అని, ఆడది అన్నీ కడుపులో పెట్టుకుంటుందని. ఆ పొగడ్త వల్ల పంపకం ఆగలేదు, ఇంకా సులువైంది.

రంగు పోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మూడో బీకరులో నీలం పూర్తిగా పోయాక పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. అప్పుడు నేను, పని సగమే అయిందని చెప్పేదాన్ని. మిథిలీన్ బ్లూ అణువులో రంగుకు కారణమైన భాగం ముందు తెగుతుంది. తెగిన ముక్కలు ఇంకా నీటిలోనే ఉంటాయి, కంటికి కనబడవు. కొన్ని అణువుల విషయంలో మధ్యలో పుట్టే ముక్కలు మొదటిదానికన్నా చెడ్డవి కూడా కావచ్చు. అందుకే నిజాయితీగా పనిచేసే పరిశోధకులు రంగు చూసి ఆగరు, నీటిలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్‌ను కొలుస్తారు. అది సున్నాకు దగ్గరయ్యేదాకా పని అయినట్టు కాదు. రంగు పోయిన నీళ్లు, మచ్చ పోయిన పేరు ఒకలాంటివే అని నా నమ్మకం. ప్రాయశ్చిత్తం చేయించుకొని, నలుగురి ముందు మంచివాడనిపించుకొని, చేసిన పని ముక్కలను అలాగే లోపల ఉంచుకొని తిరిగేవాళ్ల లెక్క ఎవరు చూస్తారు? లోకం రంగు చూస్తుంది. దేవుడు చూసేది మిగిలిన కార్బన్ అని నేను అనుకుంటాను.

విషం అంతమైందంటే ఏది అంతమైనట్టు? దీనికి జవాబు మా నేల మీద ఎప్పుడో వెతికారు. సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి గుట్ట మీద ఇక్ష్వాకుల కాలం నాటి బౌద్ధారామం ఉంది. నాగార్జునసాగర్ దగ్గర నాగార్జునకొండకు ఆచార్య నాగార్జునుడి పేరే ఉంది. ఏ వస్తువుకూ తనదంటూ విడిగా స్వభావం లేదు, ఉన్నదంతా ఒకదాన్ని ఒకటి ఆధారం చేసుకొని ఉన్నదేనని ఆయన వాదించాడు. యాభై ఏళ్ల కిందట చదివి ఉంటే నాకు ఇది మాటల ఆటగా తోచేదేమో. కెమిస్ట్రీ చెప్పే మనిషికి అది కళ్లెదుటి నిజం. సిప్రోఫ్లాక్సాసిన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఒక ఫ్లోరిన్. మా అత్తమ్మ వండే అన్నంలో ఉన్న కార్బన్ కూడా అదే కార్బన్. పరమాణువుల్లో పాపం లేదు. అవి ఒకదాన్ని ఒకటి పట్టుకొని కూర్చున్న తీరులో మందు ఉంది, తప్పు చోటికి చేరితే హాని ఉంది. వెలుగు తెంపేది ఆ పట్టునే. నాశనమయ్యేది పదార్థం కాదు, దాని పొందిక. మనిషి విషయంలోనూ నేను ఇలాగే నమ్ముతాను. చెడ్డ మనిషి అనే మూలకం లేదు.

ఇంత చెప్పి దీని హద్దులు చెప్పకపోతే అన్యాయం. టైటానియం డయాక్సైడ్‌కు కావలసిన అతినీలలోహిత కిరణాలు మన మీద పడే ఎండలో నూటికి నాలుగైదు వంతులే. మిగతా ఎండనూ వాడుకునే పదార్థాల కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. లేచిన ఎలక్ట్రాన్లలో చాలావరకు ఏ పనీ చేయకుండానే మళ్లీ తమ ఖాళీల్లో పడిపోతాయి. పొడిని నీటిలో కలిపితే తర్వాత దాన్ని వడగట్టడం కష్టం, అందుకే జియోలైట్ల మీదా, గాజు మీదా అతికిస్తారు. అన్నింటికన్నా ముఖ్యం, బురద నీటిలోకి వెలుగు దిగదు. మిర్యాలగూడలో వందకు పైగా రైసు మిల్లులున్నాయి. బాయిల్డ్ రైస్ కోసం వడ్లు నానబెట్టిన నీళ్లు పులిసిన వాసనతో, గోధుమ రంగుతో బయటికి వస్తాయి. ఎవరో ఉత్సాహంగా ఈ నీళ్లకు మీ పొడి వాడొచ్చా మేడం అని అడిగారు. వద్దన్నాను. అందులో ఉన్నది గింజ నుంచి దిగిన పిండి, చక్కెర. సూక్ష్మజీవులు సంతోషంగా తింటాయి. వాటికి చోటు, గాలి, సమయం ఇస్తే చాలు. మామూలు మురికిని తినేవాళ్లకే వదలాలి. తినేవాళ్లను చంపే మురికి, వాళ్లకు చెడు నేర్పే మురికి, దానికి మాత్రం వెలుగు కావాలి. అది కూడా ఫ్యాక్టరీ గడప లోపల, చిక్కగా, తక్కువ నీటిలో ఉన్నప్పుడే. వంద కాలువల నీళ్లతో కలిసి నదిలో పడ్డాక ఏ ఉత్ప్రేరకమూ దాని వెంట పరుగెత్తలేదు. మన ధర్మశాస్త్రాలు కూడా ప్రతి తప్పుకూ ఒకే ప్రాయశ్చిత్తం చెప్పలేదు. చేసినవాడే తప్పు పేరు చెప్పి మొదలుపెట్టాలన్నాయి.

పేరు చెప్పడమన్న దగ్గరే మన వ్యవస్థ ఆగిపోతుంది. ఏ అణువు ఉందో తెలియకుండా దాన్ని అంతం చేశామని ఎవరూ రుజువు చేయలేరు. కొలిచే యంత్రానికి ముందే చెప్పాలి, నేను దీని కోసం వెతుకుతున్నాను అని.

భక్తులకు తెలిసిన పది నామాపరాధాల్లో ఒకటి నన్ను భయపెడుతుంది. భగవన్నామం పాపాలను పోగొడుతుంది కదా అని, ఆ ధైర్యంతో పాపం చేయడం. అది ఏ యమనియమాలతోనూ పోదని పద్మపురాణం మాట. శుద్ధి చేసే శక్తి ఉన్నదన్న నమ్మకాన్నే తప్పుకు అనుమతిగా మార్చుకోవడం, శుద్ధిని లోపల నుంచి చంపేయడం. మురుగు శుద్ధి కేంద్రం ఉంది కదా వదలండి, నది పెద్దది కదా కలిసిపోతుంది, రేపు ఏదో కొత్త టెక్నాలజీ వస్తుంది కదా అన్న మాటలు విన్నప్పుడల్లా నాకు ఆ అపరాధమే గుర్తొస్తుంది. నేను ప్రేమించే ఈ తెల్లపొడి పేరు కూడా రేపు అలా వాడతారని నాకు తెలుసు. అందుకే దీని గురించి చెప్పిన ప్రతిచోటా ఆ అపరాధం గురించి కూడా చెబుతున్నాను.

ఒక ఏడు డాబా మీద ఈ ప్రయోగం అయ్యాక, హుజూర్‌నగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి నన్ను నిలబెట్టి అడిగింది. "మేడం, చివరికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది కదా. అంటే గాలికి పంచినట్టే కదా. ఇంద్రుడు చేసిందానికి, దీనికి తేడా ఏంది?" నేను ఇన్నేళ్లు పిల్లల నుంచి విన్న ప్రశ్నల్లో ఇంత మంచిది ఇంకోటి లేదు. వెంటనే జవాబు చెప్పలేదు, రేపు చెబుతానన్నాను.

మర్నాడు ఆమెకు చెప్పినది ఇది. పంచడం తప్పదు. ఈ లోకంలో దేన్నీ లేకుండా చేయలేం, చివరికి ఎవరో ఒకరి చేతిలో పెట్టాల్సిందే. చూడవలసింది ఏ రూపంలో పెడుతున్నామన్నది. ఈ బీకరు నుంచి లేచిన వాయువు నువ్వు ప్రయోగం చేస్తూ వదిలిన ఊపిరి కన్నా తక్కువే. చెట్టు దాన్ని అడిగి తీసుకుంటుంది, ఆకు చేసుకుంటుంది. ఇంద్రుడు చెట్టుకు ఇచ్చినది చెట్టు అరిగించుకోలేనిది. తీసుకునేవాడు తన ఒంట్లో కలుపుకోగలిగిన రూపానికి తెచ్చి ఇస్తే అది దానం. తేలేనిది మన దగ్గరే ఉంచుకోవాలి, లేదా పుట్టించకుండా ఉండాలి.

ఆమె ఒప్పుకోలేదు. లారీలు, కరెంటు ప్లాంట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు వదిలే వాయువు కూడా చెట్టు తీసుకునేదే కదా, మరి అది ఎందుకు తప్పయింది అంది. మట్టపల్లి, మేళ్లచెరువు సిమెంటు పొగ చూస్తూ పెరిగిన పిల్ల. రూపం ఒక్కటే సరిపోదు మేడం, ఎంత అన్నది కూడా చెప్పండి అంది. ఆ మాటను నా జవాబులో కలుపుకున్నాను. అప్పటి నుంచి ఎక్కడ చెప్పినా రెండూ కలిపే చెబుతున్నాను, రూపమూ, కొలతా.

వచ్చే కృష్ణా పుష్కరాలు 2028లో. అత్తమ్మకు అప్పటికి తొంభై దాటుతాయి, ఇప్పటి నుంచే వాడపల్లికి పోవాలంటోంది. తీసుకుపోతాను, నేనూ మునుగుతాను. ఆ లోగా మా పాత విద్యార్థుల్లో ల్యాబుల్లో పనిచేస్తున్నవాళ్లను అడుగుతున్నాను. పుష్కరాలకు ముందు సోలిపేట దగ్గరా, వాడపల్లి దగ్గరా నీళ్లు తీసి, మందు అణువుల పేర్లు ఒక్కొక్కటిగా రాసి, లీటరుకు ఎంతో కొలిచి, ఆ కాగితాన్ని ఘాట్ దగ్గర సంకల్పం చెప్పించే అయ్యగారి పక్కనే అతికించాలని. సంకల్పంలో మన పేరు, గోత్రం, నది పేరు చెప్పుకుంటాం. ఆ నదిలో ఏమేం కలిపామో కూడా అక్కడే, అదే గొంతుతో చదవాలని నా కోరిక. ఇద్దరు ఒప్పుకున్నారు.